అధిక మాసం, మొదటి మంచు

బతుకమ్మ ఆడేది ఆడవాళ్ళు, పేర్చేదీ వాళ్ళే. పువ్వు తెచ్చే పని మాత్రం మగవాళ్ళది. మా కరీంనగర్ వైపు ఇందులో రెండో మాట లేదు. చిన్నప్పుడు పండుగ రోజుల్లో తెల్లవారకముందే గోనెసంచి పట్టుకుని చేన్ల వెంట పడేవాళ్ళం. గట్ల మీద గునుగు, గుట్ట మొదట్లో తంగేడు, ఎవరి దొడ్లోనో బంతి. సంచి వెలితిగా ఇంటికి తెస్తే ఆ రోజంతా ఇంట్లో ఆడవాళ్ళ ముందు తల ఎత్తలేకపోయేవాళ్ళం.

మిషిగన్‌లో, డెట్రాయిట్ దగ్గరి సబర్బ్‌లో ఇల్లు కొన్నాక ఆ పని మళ్ళీ నా మీద పడింది. ఇక్కడ తంగేడు లేదు. సెప్టెంబర్‌లో ఫ్రీవే పక్కన పచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్‌నే తంగేడు అనుకోమని మా ఆవిడకు చెప్పాను. "అనుకుంటే అయిపాయె తియ్," అని నవ్వింది. మా చేన్లలో కలుపు కింద పీకి పారేసే గునుగు ఇక్కడి నర్సరీలో సెలోషియా అనే పేరు పెట్టుకుని, అందమైన పాకెట్‌లో కూర్చుని ఉంది. బంతి ఒక్కటే ఎక్కడికొచ్చినా బంతి.

మా ఆవిడ పేర్చే బతుకమ్మకు ఇక్కడి తెలుగువాళ్ళలో పేరుంది. తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఏటా సద్దుల బతుకమ్మను ఒక స్కూల్ జిమ్‌లో చేస్తారు. సద్దుల బతుకమ్మ అంటే తొమ్మిది రోజుల పండుగలో చివరిది, పెద్దది. చాలామంది ప్లాస్టిక్ పువ్వులతోనే కానిచ్చేస్తారు. మా ఆవిడది నడుమెత్తు ఉండేది, అన్నీ నేను పెంచినవో కోసుకొచ్చినవో, నిజం పువ్వులే. జనం దాని పక్కన వరుస కట్టి ఫోటోలు దిగేవాళ్ళు. నేను దూరంగా కాఫీ కప్పు పట్టుకుని ఏమీ పట్టనట్టు నిలబడేవాణ్ణి. ఎవరైనా "పూలు ఎక్కడివి?" అని అడిగేదాకా అక్కడి నుంచి కదిలేవాణ్ణి కాదు.

2012లో చలి ఇంకా పోకముందే మాకు బిడ్డ పోయింది. మా ఆవిడకు ఆరో నెల నడుస్తోంది. ఆడపిల్ల. ఇంతకుమించి రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు, అప్పుడు మాట్లాడటమూ చేతకాలేదు.

మొదటి వారాల్లో చాలామంది వచ్చారు. పప్పు, చారు, పులిహోర డబ్బాలతో వచ్చారు. మంచివాళ్ళే. కానీ వచ్చిన ప్రతి ఒక్కరూ వెళ్ళే ముందు మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మళ్ళ అయితది తియ్ అక్కా, ఏజ్ ఉంది గద," అనేవాళ్ళు. అలా అన్న ప్రతిసారీ ఆమె తల ఊపేది. ఒకరోజు నుంచి తలుపు తీయడం మానేసింది, ఫోన్ ఎత్తడం మానేసింది. ఇంటి నుంచే పని చేసేది కాబట్టి పగలంతా ఆమె గొంతు వినబడేది. హెడ్‌సెట్ పెట్టుకుని రిలీజ్ గురించి, బగ్స్ గురించి ఇంగ్లీష్‌లో గలగలా మాట్లాడేది. కాల్ అయిపోగానే ఇల్లు మూగబోయేది. తెలుగులో మాట్లాడటానికి మా మధ్య ఏమీ మిగల్లేదనిపించి నాకు భయం వేసేది.

భయం వేస్తే నేను కూర్చోలేను, ఏదో ఒక పని మీద పడతాను. ఏప్రిల్‌లో విత్తనాల ట్రేలు తీశాను. బయట ఇంకా నేల గడ్డకట్టి ఉంది కాబట్టి నారు ఇంట్లోనే పోయాలి, దానికి ఎండ కావాలి. ఇంట్లో దక్షిణపు కిటికీ ఉన్న గది ఒక్కటే. ఆ గదికి మేం శీతాకాలంలోనే లేత పసుపు రంగు వేసుకున్నాం. ఎందుకు వేసుకున్నామో చెప్పక్కరలేదు. రెండు రోజులు తలుపు దగ్గరదాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మూడోసారి నామీద నాకే కోపం వచ్చి, తలుపు తోసి, ట్రేలన్నీ కిటికీ కింద పరిచేశాను.

మొలకలు వచ్చాక ఆమె చూసింది. గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. నేను నీళ్ళ సీసాతో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఏంటివి?"

"బంతి. అటు పక్కవి గునుగు."

"పూలొస్తయా?"

"ఎందుకు రావు?"

"వస్తే నేనే పేరుస్త," అని వెళ్ళిపోయింది.

ఆ వసంతమంతటిలో ఆమె రాబోయే రోజుల గురించి అన్న మాట అదొక్కటే. దాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను. ఆమె పేర్చాలి. అంటే పువ్వు కావాలి. పువ్వు నా పని. అప్పటినుంచి పొద్దున లేవడానికి నాకొక కారణం దొరికింది, ఆ మాట నిజం చేయకపోతే ఇంకేం మిగలదన్న గుబులూ పట్టుకుంది.

పండుగ ఎప్పుడో నేనే లెక్క కట్టాను. ఎవరినీ అడగలేదు, ఎక్కడా చూడలేదు. మన పండుగలు ఏటేటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతాయి, ఆ మాత్రం నాకు తెలుసు. పోయిన ఏడు అక్టోబర్ మొదట్లో అయింది, ఈసారి సెప్టెంబర్‌లోనే వచ్చేస్తుంది. ఇక్కడ మొదటి ఫ్రాస్ట్, అంటే మొక్కల్ని మాడ్చే మంచు, మామూలుగా అక్టోబర్‌లో గానీ పడదు. అంటే పువ్వు నిండుగా ఉన్నప్పుడే పండుగ. పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. ఆమెకు కూడా చెప్పాను, సెప్టెంబర్ ఆఖర్లో అని. "ఊఁ" అంది.

ఎండాకాలం బాగానే గడిచింది. పెరట్లో గడ్డి లేపేసి పాతదానికంటే పొడవాటి మడి చేశాను. బంకమట్టి, పార దిగితే రాదు. కుందేళ్ళు మొదటి వారంలోనే ఒక వరుస కొరుక్కు తిన్నాయి, చుట్టూ జాలీ కట్టాను. మొక్కల్ని తిట్టుకుంటూ పని చేయడం నా అలవాటు. "ఏయ్, నీకేం రోగం, పక్కదాన్ని చూసి నేర్చుకో," అని గునుగును దబాయించేవాణ్ణి. ఆఫీస్‌కి వెళ్ళే ముందు కాసేపు, వచ్చాక చీకటి పడేదాకా. ఇంట్లో పెదవి కదపని మనిషిని అక్కడ మాత్రం ఆపకుండా వాగేవాణ్ణి. వంటింటి కిటికీ ఆ మడి మీదకే ఉందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆగస్టులో బంతి విచ్చుకుంది. గునుగు తెల్లగా, కొసన గులాబీ రంగుతో కంకులు వేసింది. ఒకరోజు ఆఫీస్ నుంచి వచ్చేసరికి మా ఆవిడ మడి పక్కన నిలబడి వాడిన బంతిపూలు తుంచి గిన్నెలో వేస్తోంది. వాడినవి తీసేస్తే మొక్క కొత్త మొగ్గ వేస్తుంది. నేను పలకరించలేదు, పలకరిస్తే లోపలికి వెళ్ళిపోతుందేమోనని. కార్‌లోనే కాసేపు కూర్చుండిపోయాను. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషానికి హద్దు లేదు, మర్నాడే అది ఆవిరైపోయింది.

మర్నాడు అసోసియేషన్ వాళ్ళ మెయిల్ వచ్చింది. వినాయక చవితి సెప్టెంబర్ మూడో వారంలోనట. నా లెక్క ప్రకారం ఆగస్టులోనే అయిపోవాలి. తప్పు వాళ్ళదే అనుకుని, ఆఫీస్‌లో పక్క క్యూబ్‌లో కూర్చునే గుంటూరు అబ్బాయిని అడిగాను.

"అధిక భాద్రపదం కదండీ ఈ ఏడు. నెల ఎగస్ట్రా. అన్నీ వెనక్కి పోతాయి," అన్నాడు సాండ్‌విచ్ తింటూ.

"బతుకమ్మ?"

"దసరా అక్టోబర్ ఆఖర్లో అంటున్నారండీ."

అధిక మాసం. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. మూడేళ్ళకోసారి వచ్చి పండుగల్ని మళ్ళీ వెనక్కి లాగుతుందనీ తెలుసు. తెలిసీ లెక్కలో వేయలేదు. ముందుకు జరగడం వరకే గుర్తుపెట్టుకున్నాను. ఆ రోజు ఆఫీస్‌లో నా కోడ్ నేనే చూసుకోలేకపోయాను. అక్టోబర్ ఆఖరంటే మా పెరట్లో బంతి ఉండదు, గునుగు ఉండదు, ఫ్రీవే పక్కన గోల్డెన్‌రాడ్ దూదిలా రాలిపోయి ఉంటుంది. ఒక్క ఫ్రాస్ట్ చాలు, రాత్రి పచ్చగా ఉన్నది తెల్లారేసరికి నల్లగా ఉడకబెట్టినట్టు వాలిపోతుంది.

ఆమెకు చెప్పలేదు. ఎలా చెప్పను? అప్పుడప్పుడే బయటికి వస్తోంది. సెప్టెంబర్‌లో టీ కప్పు పట్టుకుని పాటియో మెట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక శనివారం పాత టేప్‌లోని పాటేదో సన్నగా పాడుకుంది, నేను వింటున్నానని తెలిసి ఆపేసింది. ఆమె కొంచెం తేరుకున్న ప్రతిసారీ నాకు సంతోషం బదులు గుండె బరువెక్కేది. ఈమెను ఇంతదాకా తెచ్చి, పండుగనాడు నల్లబడిన మొక్కల ముందు నిలబెడితే మళ్ళీ మునుపటిలా ఇంట్లోనే ముడుచుకుపోతుంది, ఈసారి తలుపు ఇక తీయదు అనిపించేది.

సెప్టెంబర్ ఆఖర్లో ఒక ఆదివారం ఆమె ఇత్తడి తాంబాళం తీసి చింతపండు పెట్టి తోముతోంది. బతుకమ్మను అందులోనే పేరుస్తుంది. ఇక దాచడం కుదరలేదు.

"చిన్న లెక్క తప్పింది," అన్నాను. "అధిక మాసం వచ్చింది. సద్దులు అక్టోబర్ ఆఖర్ల."

ఆమె తోముతూనే ఉంది. ఆశ్చర్యం గానీ కోపం గానీ కనిపించలేదు. నీళ్ళు వదిలి తాంబాళం కడిగి, బోర్లించింది.

"అప్పటిదాక ఉంటయా?" అంది నా వైపు చూడకుండా.

"ఉంటయి. నేను చూసుకుంట."

ఎందుకన్నానో తెలియదు. మిషిగన్ చలిని ఆపుతానని మాటిచ్చినవాడు నాకంటే ముందు ఎవడైనా ఉన్నాడో లేదో.

అక్కడి నుంచి నా బతుకంతా వాతావరణ వార్తలే. టీవీలో వెదర్ చెప్పేవాడు నీలం సూట్ వేసుకుని, ఇకిలిస్తూ, "ఈ వీకెండ్ స్వెట్టర్లు బయటికి తీయండి," అంటుంటే రిమోట్ విసిరికొట్టాలనిపించేది. స్వెట్టరట! ఆఫీస్‌లో మీటింగ్ మధ్యలో ఫోన్‌లో రాత్రి టెంపరేచర్ చూసేవాణ్ణి. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో ముప్పై రెండుకు నీళ్ళు గడ్డకడతాయి. నలభై ఉంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ముప్పై ఆరుకు దిగితే ఐదు నిమిషాలకోసారి మళ్ళీ చూసేవాణ్ణి. మీటింగ్‌లో ఎవరేం అడిగారో రెండోసారి అడిగించుకునేవాణ్ణి.

మొదటి ఫ్రాస్ట్ అడ్వైజరీ అక్టోబర్ మొదటి వారంలోనే వచ్చింది. గరాజ్‌లో ఉన్న నీలం ప్లాస్టిక్ టార్ప్ మడి మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. తెల్లారి తీస్తే, ప్లాస్టిక్ తగిలిన చోటల్లా పువ్వు మాడిపోయి ఉంది. అది చలిని లోపలికి మోసింది. పక్కింటి పెద్దాయన, కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాడు, ఫెన్స్ మీదుగా చూసి, "బట్ట కప్పాలి. నేలదాకా దిగాలి," అన్నాడు. ఆయన హాలోవీన్ గుమ్మడికాయలు పండిస్తాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది, ఆ మాట నిన్న చెప్పవచ్చు కదా అని.

మర్నాడు సాయంత్రం ఇంట్లో ఉన్న బెడ్‌షీట్లన్నీ లాక్కొచ్చాను. సగం మడికి కూడా రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే పాటియో తలుపు దగ్గర మా ఆవిడ నూలు చీరలు దొంతరగా పెట్టి ఉన్నాయి. ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో ఉంది. గద్వాల అంచులూ, పోచంపల్లి గళ్ళూ మా పెరడంతా పరుచుకున్నాయి. పక్కింటాయన తన కుక్కతో నిలబడి చూశాడు.

పొద్దున్నే చీరలు తీసి చూశాను. గడ్డంతా తెల్లగా ఉంది, కాలు పెడితే కరకరమంటోంది. చీరల కింద బంతి బంతిలాగే ఉంది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అప్పుడే మా ఆవిడ చెప్పులు కూడా లేకుండా ఆ గడ్డి మీద నడుచుకుంటూ వచ్చింది, పైన పల్చటి చున్నీ.

"పిచ్చి లేసిందా నీకు? చలి తగుల్తది, లోపలికి పో!" అని అరిచాను. ఆ అరుపు పక్కింటి దాకా వెళ్ళి ఉంటుంది.

ఆమె ఆగింది. "నన్ను గూడ కప్పుతవా చీరె తెచ్చి? ఆరు నెల్ల సంది కప్పుతనే ఉన్నవ్. నేను మొక్కను కాదు," అంది. గొంతు పెంచకుండానే అంది. వెనక్కి తిరిగి, అదే గడ్డి మీద, తొందరపడకుండా నడిచి వెళ్ళింది. ఆమె పాదాల గుర్తులు తెల్లటి గడ్డిలో పచ్చగా పడ్డాయి.

తరవాత రోజుల్లో మేం అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. సాయంత్రం కప్పడం, పొద్దున తీయడం. తడిసిన చీరలు గరాజ్‌లో తాళ్ళ మీద ఆరేయడం. గోల్డెన్‌రాడ్ నేను భయపడ్డట్టే బూడిద రంగు తిరిగింది, దాని మీద ఆశ వదులుకున్నాను. బంతి మొక్కలు చలికి ఎదగడం మానేశాయి. కొత్త మొగ్గ వేయడం లేదు, ఉన్న పువ్వునే అంటిపెట్టుకుని ఉన్నాయి. సద్దులకు ఇంకా వారం పైనే ఉంది.

ఆ ఆదివారం ఆఫీస్‌లో ప్రొడక్షన్ రిలీజ్ ఉండి వెళ్ళాను. మధ్యాహ్నం ఫోన్ చూస్తే అడ్వైజరీ పోయి వార్నింగ్ వచ్చి కూర్చుంది. ఫ్రీజ్ వార్నింగ్. రాత్రికి ఇరవై ఆరు. దానికి చీరలు ఆగవు, దుప్పట్లు ఆగవు. నీరు మొక్క లోపలే గడ్డకట్టి కాడ పగిలిపోతుంది. మేనేజర్‌కు ఒంట్లో బాగాలేదని చెప్పాను, అది అబద్ధం కూడా కాదు. దారిలో హార్డ్‌వేర్ స్టోర్‌లో దిగి, వేడి ఇచ్చే పాత రకం క్రిస్మస్ బల్బుల దండలు దొరికినన్ని కొన్నాను. చీరల కింద రాత్రంతా బల్బులు వెలిగిస్తే ఎలాగోలా గట్టెక్కవచ్చని నా ఆశ.

డ్రైవ్‌వేలో కార్ ఆపి, డబ్బాలు ఒళ్ళో వేసుకుని పెరట్లోకి పరుగెత్తాను.

మా ఆవిడ మడిలో కూర్చుని ఉంది. పక్కన బట్టల బుట్ట, పెయింట్ బకెట్, వంటింట్లోని పెద్ద గిన్నె. అన్నీ పువ్వే. చేతిలో కత్తెర. సగం మడి బోడిగా ఉంది.

డబ్బాలు నా చేతిలోంచి జారిపోయాయి. "ఏం చేస్తున్నవ్! ఏం చేస్తున్నవ్ నువ్వు! పండుగకు ఇంకా వారం ఉంది! చెప్పిన గద నేను చూసుకుంటనని!"

కత్తెర ఆగలేదు. "ఫ్రీజ్ వార్నింగ్ ఉంది. నేను గూడ చూసిన."

"అందుకే బల్బులు తెచ్చిన! ఇప్పుడు కోస్తే సద్దుల దాక ఉంటయా? అంతా కుళ్ళిపోతది. నెలల సంది..." నా గొంతు నాకే వినసొంపుగా లేదు. ఆపలేకపోయాను. "నెలల సంది నేను దీని కోసమే చస్తున్న. నువ్వు పేరుస్త అన్నవని. ఆ ఒక్క మాట కోసం."

అప్పుడు తల ఎత్తింది. ముఖం మీద మట్టి, ముక్కు చలికి ఎర్రబడి ఉంది.

"పూలొస్తే పేరుస్త అన్న. సద్దులకని నేనెప్పుడన్న అన్ననా?"

నేను కిందపడ్డ డబ్బాలు ఏరబోయాను.

"రేపు అమాస," అంది. "రేపు ఎంగిలిపూలు."

ఎంగిలిపూల బతుకమ్మ. తొమ్మిది రోజుల్లో మొదటిది. పెత్తర అమాస, అంటే మహాలయ అమావాస్య నాడు పేరుస్తారు. ఆ ఒక్క రోజుకు పువ్వు ముందటి సాయంత్రమే కోసి, నీళ్ళు చల్లి, ఒక రాత్రి నిలవ ఉంచుతారు. అందుకే ఎంగిలిపూలు అనే పేరని మా నాయనమ్మ చెప్పేది. ఆ సాయంత్రాలు గోనెసంచి మోసింది నేనే. అన్నీ తెలిసినవాణ్ణే. జిమ్‌లో వరుస కట్టే జనం, ఫోటోలు, నా కాఫీ కప్పు, వాటిలో పడి పండుగ అంటే చివరి రోజే అనుకున్నాను. మొదటి రోజు ఒకటుందన్నది నా బుర్రకు తట్టనే లేదు.

"అధిక మాసమని మా అక్క ఎండకాలంలనే చెప్పింది ఫోన్ల," అంది ఆమె మళ్ళీ కోస్తూ. "నీకు తెల్వదని నాకు తెల్సు."

"మరి చెప్పద్దా?"

"చెప్తే ఏం జేస్తుంటివి? తెల్లారితే ఆ మొక్కల దగ్గరికే ఉరుకుతుంటివి. కిటికీలకెళ్ళి చూస్తుంటి. వాటిని తిట్టుడు, వాటితోని ముచ్చట్లు. నాతోని ఒక్క మాట రాకపాయె నీకు. వాటితోనన్న మాట్లాడుతుండు, ఉండనీ అనుకున్న."

నేను ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాను. ఆమె కోసం ఆ తోట పెంచుతున్నానని అనుకున్నాను. ఆమె నా కోసం ఆ తోటను ఉండనిచ్చింది. ఇద్దరం ఒకరికొకరం కాపలా కాస్తూ, ఒకే ఇంట్లో, అన్ని నెలలూ ఒక్క మాట అనుకోలేదు. ఆమె తన చేతిలోని కత్తెర నాకిచ్చి, గునుగు వైపు చూపించి, లోపలికి వెళ్ళి ఇంకో కత్తెర తెచ్చుకుంది. చీకటి పడేలోపు మడి మొత్తం కోసేశాం. పక్కింటి పెద్దాయన, తానూ బట్ట కప్పి కాపాడుకున్న గుమ్మడి ఆకులు ఫెన్స్ మీదుగా ఇచ్చాడు. ఆమె ఎందుకు అడిగిందో ఆయనకు అర్థం కాలేదు, అయినా అడిగినన్ని ఇచ్చాడు. పువ్వంతా బేస్‌మెంట్‌లో పరిచి, నీళ్ళు చల్లి, తడి చీరలు కప్పాం.

తెల్లారి చూస్తే మడి నల్లగా పడుకుని ఉంది. నేను అనుకున్నంత బాధ వేయలేదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం సెలవు పెట్టాం. ఆమె హాల్లో కింద కూర్చుని తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి పేర్చడం మొదలుపెట్టింది. ఒక వరుస బంతి, ఒక వరుస గునుగు. చేతులు మరిచిపోలేదు. ఎదురుగా కూర్చుని కాడలు కత్తిరించి అందించడం నా పని. నడుమెత్తు రాలేదు, మోకాలెత్తు వచ్చింది. పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను పెట్టి, చేతులు తుడుచుకుని, ఒక చిన్న స్టీలు పళ్ళెం నా ముందుకు తోసింది.

"ఇది నువ్వు పేర్చు."

పెద్ద బతుకమ్మ పక్కన చిన్నది ఒకటి పెట్టడం ఆనవాయితీ. తోడు బతుకమ్మ అంటారు. మా ఇళ్ళలో పిల్ల బతుకమ్మ అనేవాళ్ళు. ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు.

"మగోళ్ళు పేరుస్తరా?"

"ఎవరు చూస్తున్నరు?"

పేర్చాను. రెండో వరుసకే ఒరిగిపోయింది. మళ్ళీ పేర్చాను. ఆమె సాయం చేయలేదు, చూస్తూ కూర్చుంది. మూడోసారికి జానెడు ఎత్తు నిలబడింది. చివరి బంతిపువ్వు పైన పెట్టేటప్పుడు ఇక నా వల్ల కాలేదు. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడవలేదు, ఆ గదిలో మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోస్తూ కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాను. ఆమె వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

పొద్దు వాలుతుండగా మా ఇళ్ళ వెనక వాననీళ్ళు నిలిచే చెరువు దగ్గరికి రెండూ పట్టుకుపోయాం. బాతులు తప్ప ఎవరూ లేరు. గడ్డి మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆమె ఒక్కతే చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగింది. పాట గాలికి సగమే వినబడింది. జాగింగ్ చేస్తున్న ఒకావిడ ఆగి, చూసి, చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

పెద్దదాన్ని ఆకులతో సహా ఆమె నీళ్ళలోకి వదిలింది. మెల్లగా కదిలి లోపలికి పోయింది. నేను చిన్నదాన్ని పట్టుకుని ఒడ్డున కూర్చున్నాను. వేళ్ళు నీళ్ళలో ఉన్నాయి. ముందు రాత్రి మంచు ఆ నీళ్ళలో ఇంకా ఉంది.

"నీళ్ళు బాగ సల్లగున్నయి," అన్నాను.

"ఉండనీ," అంది. పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకుంది. "వదులు."

వదిలాను. అది కాసేపు నా వేళ్ళ దగ్గరే తిరిగింది, తరవాత గాలికి పెద్దదాని వెనకే పోయింది. కనబడినంతసేపు చూసి, ఇద్దరం లేచి ఇంటికి నడిచాం.